బూడిదరంగులలో ఏ బూడిదరంగు?

ఇంటి లోపలి గోడలకు ముదురు బూడిదరంగు వేయించుకొనవలెనను ముచ్చట ఇటీవల మన గృహస్థులలో హెచ్చుచున్నది. తెల్లని సున్నము, లేత పసుపు, లేత ఆకుపచ్చ, పలుచని నీలము, ఈ నాలుగింటితోడనే తరములు గడచిన మన ఇండ్లలో ఇది క్రొత్త సంగతి. "ఇంటికి బూడిద పూయుదురటోయి!" అని పెద్దలు పరిహసించుట మేమెరుగుదుము. దోషము మాటలోనిదే కాని రంగులోనిది కాదు. పలక రంగు, మబ్బు రంగు, పావురాయి రంగు అని పేరు మార్చి చెప్పినచో ఆ పెద్దలే తల యూపుదురు. అయితే పలక వేరు, మబ్బు వేరు, పావురాయి వేరు. దుకాణమునకు పోయి ముదురు బూడిదరంగు కావలెనని అడిగినవారి ముందర షేడు కార్డు విప్పినచో అందు ఇరువదియో ముప్పదియో బూడిదరంగులు బారులు తీరి యుండును. చిక్కంతయు అచ్చట ప్రారంభమగును.

రెండేండ్ల క్రిందట మా ముందు గదికి రంగు వేయించునప్పుడు మేమును ఆ చిక్కులో పడితిమి. దుకాణములో ట్యూబులైటు క్రింద, కార్డుమీద అగ్గిపెట్టెలో సగమైన లేని ముక్కను చూచి, అచ్చముగా చిన్ననాటి పలక వలె నున్నదని మురిసి, నాలుగు గోడలకును అదియే వేయించితిమి. మేస్త్రి రెండవ పూత ముగించి నిచ్చెన తీసిన తరువాత చూతుము గదా, గది పలక వలె లేదు, సిరాబుడ్డి వలె నున్నది. అంతటితో పోయినచో నవ్వుకొని యూరకుందుము. కాని మా నాయనగారు, ఎనుబదవ పడికి దగ్గరపడినవారు, ప్రతి సాయంకాలము ఆ గదిలో రేడియో ప్రక్కను వాలుకుర్చీలో కూర్చుండువారు. రంగు వేసిన వారము లోపలనే వారు కుర్చీని వసారాలోనికి జరిపించుకొనిరి. గాలి కొరకనిరి. గాలి కొరకు కాదనియు, గడప యొద్ద మెట్టు కానరాక రెండు మారులు తూలిరనియు, మా అమ్మగారు చెప్పునంతవరకు మాకు తెలియలేదు. వారి సౌకర్యము కొరకని బాగుచేయించిన గదియే వారిని బయటికి పంపినది. ఎక్కడ తప్పితిమో తెలిసికొనుటకై తరువాత చదివినదియు, చేసి చూచినదియు ఇచ్చట చెప్పెదము.

మొదట గ్రహింపవలసినది మన అమ్మమ్మలకు తెలిసిన విషయమే. సున్నము కొట్టించునప్పుడు వారు తొట్టిలో చిటికెడు నీలిమందు కలిపించెడివారు. సున్నము ఎంత తెల్లనిదైనను దానిలో ఒకింత పసుపు చాయ దాగి యుండును. నీలము ఆ పసుపును అణచును, గోడ మల్లెపూవు వలె తోచును. చేయి జారి నీలము హెచ్చైనచో గోడ నీలముగనే తేలును. ఆ చిటికెడు ఎంత బలము గలదో చూడుడు! బూడిదరంగునకును ఇట్టి చిటికెడే ప్రాణము. నలుపును తెలుపును తప్ప మరియేమియు కలియని బూడిదరంగు అంగడిలో అరుదు. యంత్రముతో రంగులు కలుపువారు నలుపుతో పాటు నీలమో, ఆకుపచ్చయో, కావియో, పసుపుమన్ను రంగో కొన్ని బొట్లు చేర్చుచుందురు. ఏమియు చేర్చకున్నను, దీపపు మసి వంటి నలుపును తెలుపుతో కలిపినచో వచ్చునది కొంత నీలమువైపే మొగ్గును. అందు కావియు పసుపుమన్నును పడినచో అది మట్టివాసన గల వెచ్చని బూడిదయగును. ఇట్లు లోపల దాగిన రంగును లోచాయ యందము. కార్డుమీద ముక్కను ఒంటరిగ చూచినంతసేపు లోచాయ బయటపడదు. మూడు నాలుగు ముక్కలను కత్తిరించి తెల్లకాగితముమీద ఒకదానిప్రక్క నొకటి పెట్టినచో, అంతవరకు అన్నియు బూడిదయే యనుకొన్నవానిలో ఒకటి నీలమనియు, ఒకటి పాచి రంగనియు, ఒకటి కాఫీపొడి కలిసినట్లున్నదనియు కన్ను తానే చెప్పును.

మేము మోసపోయినది ఇచ్చటనే. దుకాణపు కార్డులో మేము ఎన్నుకొన్న ముక్కకు నాలుగు ప్రక్కలను ఇంకను గాఢమైన నీలిబూడిదలు ఉండెను. వాని నడుమ ఇది ఏ పాపము ఎరుగనట్లు కనబడెను. ఇరుగుపొరుగు రంగులు ఒక రంగును ఇట్లు మార్చివేయు సంగతిని శాస్త్రీయముగ విచారించినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్. ఆయన 1824లో పారిస్‌లోని గోబెలిన్స్ చిత్రవస్త్ర కర్మాగారమున అద్దకపు శాఖకు అధిపతి యయ్యెను. నీలము, ఊదా వస్త్రముల మడతలలో నీడ చూపుటకు వాడిన నల్లనూలు వెలవెలబోవుచున్నదని అచ్చటి నేతగాండ్రు మొరపెట్టిరి. ఆయన ఆ నల్లనూలును ఇతర నల్లనూళ్లతో పోల్చి పరీక్షించి, అద్దకములో లోపము లేదనియు, లోపమంతయు దాని ప్రక్కనున్న రంగులదనియు తేల్చెను. 1839లో ఈ విషయముమీద పెద్ద గ్రంథమునే ప్రకటించెను. ఆయన నూట రెండేండ్లు బ్రతికెను గనుక తన సిద్ధాంతము లోకమంతయు వ్యాపించుట కన్నులార చూచియే పోయెను.

ఆ సిద్ధాంత సారము మన యింటి తలుపుల యొద్దనే కనబడును. ప్రతి రంగును తన ప్రక్కనున్నదానిని తనకు ఎదురైన రంగువైపునకు నెట్టును. ఎరుపు ప్రక్కనున్న బూడిద కొంత పచ్చబారును, నారింజ ప్రక్కనున్నది నీలమెక్కును. వార్నిషు పూసిన టేకు ద్వారబంధము నారింజకు చుట్టమే గదా! కావున టేకు తలుపులు గల గదిలో ఏ లోచాయయు లేని బూడిద సైతము కొంచెము నీలముగ కనబడును. ఇక మొదటనే నీలపు లోచాయ గలదాని గతి చెప్పనేల?

నేల సంగతి దీనికి భిన్నము. ఎండ పడిన నేల తన రంగునే గోడ క్రిందిభాగముమీదికి చిమ్మును. ఎర్రగచ్చు మీద పొద్దుటి యెండ పడు గదిలో బూడిదరంగు గోడ మోకాలి యెత్తువరకు వెచ్చబారుట చూడవచ్చును. తాండూరు నీలిరాళ్లు, షాబాదు బండలు పరచిన ఇండ్లలో ఈ వెచ్చదనము ఉండదు, గోడయు నేలయు కలిసి ఒకటే చల్లని మబ్బగును. అది కొందరికి ఇష్టము. మాకు మాత్రము ఆషాఢమాసపు ముసురు ఇంటిలో ఏడాది పొడుగున నిలిచినట్లుండును.

వెలుగును గూర్చి కొంత వివరముగ చెప్పవలెను. ఉత్తరపు కిటికీనుండి వచ్చునది చాలవరకు ఆకాశపు వెలుగు, అది నీలపు వెలుగు. మన దేశభాగములో నడివేసవి దినములందు సూర్యుడు ఉత్తరముగ నడచును గనుక ఉదయసాయంకాలములందు కొంత యెండ ఆ వైపునను తగులును, మిగిలిన యేడంతయు తగులదు. తూర్పు గది పొద్దున పసుపుగను, పగలు నీలముగను ఉండును. పడమటి గది మధ్యాహ్నము మొదలు క్రమముగ ఎర్రబారును. రాత్రి దీపములకును ఇట్టి భేదము కలదు. ఎల్‌ఇడి దీపపు పెట్టెమీద 2700 కె అని యుండిన అది వెనుకటి పసుపు బల్బు వెలుగును పోలును. 6500 కె అని యుండిన అది తెల్లనిది, నిజమునకు నీలము కలిసినది. మన ఇండ్లలో వెలుగునవి హెచ్చుగ ఈ రెండవజాతి దీపములే. ఒక దీపము క్రింద కవలల వలె కనబడు రెండు బూడిదరంగులు మరియొక దీపము క్రింద విడిపోవుటయు కలదు. సందెవేళ, దీపము పెట్టుటకు ముందు, మరియొక వింత జరుగును. వెలుగు బాగుగ తగ్గినప్పుడు మన కంటికి ఎరుపు ముందుగ నల్లబడును, నీలము కొంతసేపు నిలుచును. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున దీనిని గుర్తించిన చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరుతోనే ఇది ప్రసిద్ధము. అందువలన మట్టిబూడిద గోడ ఆ వేళకు దాదాపు నల్లనగును, నీలిబూడిద ఇంకను మసక వెలుగులో తేలుచుండును.

ఇప్పుడు మా ముందు గది లెక్క తీసితిమి. కిటికీ ఉత్తరము, తలుపులు టేకు, దీపములు 6500 కె, రంగు పుట్టుకతో నీలము. నాలుగును ఒకేవైపునకు లాగినవి. పలక సిరాబుడ్డి కాక ఏమగును?

రంగు మారుట కంటిని నొప్పించునది మాత్రమే. నాయనగారిని వసారాలోనికి పంపినది రంగు కాదు, ముదురు. దీనికి అంకెలలో కొలత కలదు. గోడమీద పడిన వెలుగులో నూటికి ఎంత తిరిగి వచ్చునో దానిని మంచి కంపెనీలవారు కార్డు వెనుకనో పట్టికలోనో సున్న మొదలు నూరు వరకు అంకెగ నిచ్చెదరు. తెల్లని గోడకు అది 80 ప్రాంతము, ముదురు బూడిదలకు 6 మొదలు 15 వరకు. మన కన్ను ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్లు చూడదు. నలుపునకును తెలుపునకును సరిగ నడుమనున్నట్లు తోచు బూడిద 50 కాదు, సుమారు 18 మాత్రమే. ముదురు రంగులలో చిన్న తేడాయే పెద్దదిగ కనబడును. 6కును 10కిని గల అంతరము కంటికి 60కిని 77కిని గల అంతరమంతగ తోచును. "ఆరైన నేమి, పదియైన నేమి, రెండును నల్లనివే" యని దుకాణదారుడు చెప్పినచో నమ్మరాదు.

దీపపు వెలుగు గదిలో ఒక్కమారు గోడను తాకి ఆగిపోదు. గోడనుండి గోడకు, గోడనుండి కప్పునకు తిరుగుచుండును. గది ఆరు ముఖములును నూటికి ఎనుబది తిరిగి యిచ్చు తెలుపైనచో, 100 పాళ్ల వెలుగులో 80 తిరిగివచ్చును, ఆ 80లో 64, ఆ 64లో 51, ఇట్లు అన్నియు కూడగా గోడలమీద పడిన వెలుగు మొత్తము 500 పాళ్లగును. నూటికి పది మాత్రమే తిరిగి యిచ్చు ముదురు బూడిద యైనచో 100, తరువాత 10, తరువాత 1, మొత్తము 111. దీపమదే, కరెంటు బిల్లు అదే, వెలుగు నాల్గింట ఒకవంతునకు లోపడినది. నిజపు గదిలో నేల, కప్పు, బల్లలు, మనుష్యులు ఉందురు గనుక తేడా ఇంత తీవ్రముగ నుండదు. కాని లెక్క నడచు దారి ఇదియే. దీనికి తోడు వయస్సు కలదు. అరువదేండ్లవారి కంటి లోపలి తెరకు చేరు వెలుగు ఇరువదేండ్లవారికి చేరుదానిలో సుమారు మూడవ వంతని నేత్రశాస్త్రజ్ఞుల మాట. ఏండ్లు గడచిన కొలది కంటిపాప చిన్నదగును, లోపలి కటకము పసుపుబారును. మేము యువకుల కన్నులతో రంగు నెన్నుకొని వృద్ధుని కన్నులమీద వేయించితిమి.

కావున ముదురు బూడిద కావలెననువారు నాలుగు గోడలకును వేయించరాదని మా నిశ్చితాభిప్రాయము. ఒక గోడ చాలును. అదియు కిటికీ గల గోడ కారాదు. నల్లని గోడ నడుమ తెల్లగ వెలుగు కిటికీ కన్నులకు పొడిచినట్లుండును. కిటికీ కెదురుగనున్న గోడయు కారాదు, గదికి వెలుగు పంచునది అదియే. ప్రక్కగోడ తగును. ఎవరు ఏమి చెప్పినను నడవలకును, మెట్లు గల చోట్లకును, ముసలివారు రాత్రిపూట లేచి తిరుగు త్రోవలకును దీనిని వేయించవలదు.

పూత మెరుపును గూర్చి ఒక మాట. మార్కాపురము పలకతో అక్షరాలు దిద్దినవారందరు ఎరిగినదే, పొడిగ నున్నప్పుడు బూడిదరంగుగ నున్న పలక తడిగుడ్డతో తుడువగనే నల్లనగును. రంగు మారలేదు, పైపొర నునుపైనది. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడిలో నునుపుదేర్చిన స్తంభము అద్దము వలె నల్లగ నుండి, అదే జాతి రాయి విరిగిన చోట లేతగ కనబడుట చూచియే యుందురు. గోడ రంగునకును ఇదియే న్యాయము. ఒకే అంకె గల రంగు మెరుపుజాతి ఎమల్షనులో ముదురుగను, మెరుపులేని మ్యాట్ ఎమల్షనులో లేతగను తోచును. మెరుపుజాతిదానిలో దీపపు నీడలు తేలును, లప్పము పెట్టినవాని చేతి యలలన్నియు బయటపడును. మ్యాట్‌లో అవి దాగును గాని, వాలుకుర్చీ వెనుక తలనూనె మరక మాత్రము అచ్చుగుద్దినట్లు కూర్చుండును, తుడిచినచో అచ్చటనే నిగనిగలాడును. ఈ రెంటిలో ఏ కష్టము మేలో ఎవరి యింటిలో వారే నిర్ణయించుకొనవలెను. చవుడు పొంగు గోడకు, వానకు తడియు గోడకు ముదురు రంగు తలపనే వలదు. తెల్లని ఉప్పు పూత పదిమంది చుట్టముల యెదుట బయటపడును. ముదురు రంగుల డబ్బాలలో తెలుపునిచ్చు టైటానియము తక్కువగ నుండును గనుక అడుగు రంగు తొంగిచూచును. ముందుగ తెల్లని ప్రైమరునకు మారుగ బూడిద కలిపిన ప్రైమరు వేయించిన ఒక పూత మిగులును. గీతలు పడిన చోట ముక్కలు ముక్కలుగ దిద్దినచో అతుకులు కనబడును. ఈ మూల మొదలు ఆ మూల వరకు గోడ మొత్తము వేయవలసినదే.

గది వేడెక్కునా యని చాలమంది అడుగుదురు. వేడి విషయమున చూడవలసినది ఎండ తగులు వెలుపలి గోడ, డాబా. లోపలి గోడ రంగువలన కలుగు భేదము స్వల్పము.

ఇక పరీక్ష. ఎంచిన రెండు మూడు రంగులను చిన్న డబ్బాలలో తెచ్చి, రెండడుగుల చదరపు అట్టలకు ప్రైమరు వేసి రెండేసి పూతలు వేయవలెను. గోడమీదనే వేసినచో క్రింది పాతరంగు చుట్టును కనబడుచు కన్నును మోసగించును. అట్టకు అంచున నాలుగంగుళముల తెలుపు విడిచినచో మేలు. తడిగ నున్నప్పుడు తీర్పు చెప్పరాదు. సున్నము ఆరిన తరువాత తెల్లనగును, ఎమల్షను సాధారణముగ ఆరిన తరువాత ముదురగును. మరునాడు అట్టలను గోడకు ఆనించి, ఒక దినము తలుపు ప్రక్కను, ఒక దినము మూలను, ఒక దినము నేలకు దగ్గరగ ఉంచి, పొద్దున, మిట్టమధ్యాహ్నము, దీపాలవేళ చూడవలెను. ఏ వేళ ఆ గదిలో హెచ్చుగ కూర్చుందురో ఆ వేళ సాక్ష్యమునకే విలువ. ఇంటిలో పెద్దవారున్న వారినే అడుగవలెను, మేము అడుగలేదు.

ఈ పరీక్షవలన మాకు తోచినదేమనగా, టేకు తలుపులు, తెల్లదీపములు, ఉత్తరపు వెలుగు గల గదికి మట్టిచాయ బూడిదయే సరిపడును. కార్డుమీద అది కొంత గోధుమరంగుగ తోచి వెనుకాడుదుము గాని, గోడమీద నిజమైన బూడిదగ కూర్చుండును. నీలిబూడిద పడమటి గదికి అందము, సాయంకాలపు ఎరుపు దానిని నిలువరించును. పచ్చచాయ బూడిదను మాత్రము చౌక ఎల్‌ఇడి దీపముల క్రింద చూచి మరీ కొనవలెను, అది కొన్నిట పాచిపట్టిన నూతి గట్టువలె కనబడినది.

గత కార్తికమాసమున మా ముందు గదిని మరల దిద్దించితిమి. మూడు గోడలు మీగడ తెలుపు, పడమటి ప్రక్కగోడకు 12 అంకె గల మట్టిబూడిద. రెండు దీపములు మార్చి పసుపు వెలుగువి పెట్టితిమి, వాలుకుర్చీ పైన మరియొకటి చేర్చితిమి. మా అమ్మగారు శుక్రవారము మాత్రమే గడపకు పసుపు పూయు అలవాటును విడిచి ప్రతిదినము దట్టముగ పూయుచు, మెట్టు అంచున పిండిముగ్గు గీత తీయుచున్నారు. గడప దూరమునుండియే కనబడుచున్నది. నాయనగారు నాలుగు దినములు వసారాలోనే కూర్చుండి, ఐదవనాడు వార్తల వేళకు, చలిగా నున్నదని చెప్పి, కుర్చీ లోపలికి వేయించుకొనిరి. మిగిలిన నీలిబూడిద డబ్బా ఇంకను మా అటకమీద నున్నది. పడమటి గది కలవారెవరైన బంధువులలో దొరుకుదురేమోయని చూచుచున్నాము.